చలికాలపు వేకువన డీజిలు పికప్ బండి



ధనుర్మాసము పుట్టినది మొదలు సంక్రాంతి దాటువరకు పూలకు, కూరగాయలకు గిరాకి హెచ్చుగ ఉండును. ఒంటిమిట్ట చుట్టుపట్ల రైతులు పలువురు ఇపుడు సొంతముగనో, ఇద్దరు ముగ్గురు కలిసియో పికప్ బండ్లు పెట్టుకొని బంతి, చామంతి, బొప్పాయి, అరటి, టమాట సరుకును తెల్లవారకముందే మార్కెట్టునకు చేర్చుచున్నారు. వేకువ నాలుగు గంటలకు బండి నిండ బుట్టలు ఎక్కించి తాళము తిప్పునప్పటికి ఇంజను మూలిగి ఊరకుండినచో ఆనాటి సరుకు ధర ఏమగునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆరు గంటలకు చేరిన పూలకు ఒక ధర, తొమ్మిది గంటలకు చేరిన పూలకు మరియొక ధర.

అట్టి దినమున అందరును చెప్పుమాట ఒకటే: "చలికి బండి లేవలేదు." ఈ మాట ఎంతవరకు నిజమో ముందు చూతము.

చలి ఎంత?

కడప ప్రాంతమున మే నెలలో ఎండ 43, 44 డిగ్రీల సెంటిగ్రేడునకు పోవుట క్రొత్త కాదు. జనవరి వేకువన 18 డిగ్రీలకు అటునిటుగ ఉండును. 15 డిగ్రీలకు దిగువకు జారుట అరుదు. లడఖ్‌లో శీతాకాలమున సున్నాకు దిగువ 30 డిగ్రీల వరకు చలి పడును. అచ్చట మామూలు డీజిలు మైనమువలె చిక్కబడిపోవుటచేత ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నాకు దిగువ 33 డిగ్రీల వరకు పారగల ప్రత్యేక డీజిలును పానిపట్టు శుద్ధి కర్మాగారమున తయారుచేసి 2019 నవంబరులో అచ్చటి బంకులకు పంపినది. ఆ చలిలో బండ్లు తిరుగుచుండగా, మన 18 డిగ్రీలలో బండి లేవకపోయినచో తప్పు చలిది కాదు. బండిలో అంతకుముందే ఏదో లోపము ఉన్నదనియే అర్థము. ఆ లోపములలో పెక్కు మన వేసవి ఎండలో పుట్టినవి. ఎండకాలమున ఇంజను చుట్టును వేడిగ ఉండుటచేత అవి దాగియుండి, మొదటి చలి వేకువన బయటపడును.

కనుక చలికాలపు సంరక్షణ అనునది మన ప్రాంతమున కార్తికమాసములో మొదలు పెట్టవలసిన తనిఖీయే గాని, బండిని కంబళి కప్పి కాపాడుట కాదు.

డీజిలు ఇంజను ఎట్లు రగులును?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ వేయు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనులో అట్టిది లేదు. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజెల్ 1897లో నడిపి చూపిన ఇంజను సూత్రమే నేటికిని మన బండిలో ఉన్నది. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరు చేతితో తాకి ఎరుగుదురు. గాలిని బిగియించిన కొలది వేడి పుట్టును. డీజిలు ఇంజనులో పిస్టను గాలిని 16 మొదలు 22 వంతులవరకు కుదించును. అపుడు ఆ గాలి 500 డిగ్రీలకు మించి కాగును. అదే క్షణమున నాజిలు డీజిలును పొగమంచువలె చిమ్మగా, అది తనంతట తానే అంటుకొనును.

ఇది జరుగుటకు మూడు సరిగ కుదరవలెను. సెల్ఫు మోటారు ఇంజనును చురుకుగ తిప్పవలెను. నెమ్మదిగ తిప్పినచో కుదింపబడిన గాలి రింగుల సందుల గుండ జారిపోవును. ఉన్న వేడిని చల్లని సిలిండరు గోడలు పీల్చుకొనును. రెండవది, రింగులును వాల్వులును గాలిని పోనీయక పట్టవలెను. మూడవది, డీజిలులో నీరుగాని గాలిగాని లేకుండ, నాజిలు సన్నని తుంపరగ చిమ్మవలెను. ఈ మూడింటిలో ఒకటి కొంచెము తగ్గినను వేసవిలో బండి లేచును. ఆ కొంచెమునకు 18 డిగ్రీల చలి తోడైనపుడే మొరాయించును.

బ్యాటరీ

చలికాలమున పిలుపు వచ్చిన మెకానిక్కు మొదట చూచునది బ్యాటరీనే. మన ప్రాంతమున బ్యాటరీని చంపునది ఎండ. ఇంజను వేడికి ఎండ వేడి తోడైనపుడు లోపలి పలకలు త్వరగ తినివేయబడును, నీరు ఇగిరిపోవును. బ్యాటరీ ఎల్లపుడును 10 డిగ్రీల హెచ్చు వేడిలో ఉన్నచో దాని ఆయువు సుమారు సగమగునని లెక్క. చలి చేయునది అంతకంటె తక్కువ. 27 డిగ్రీల వద్ద నూరు పాళ్లు శక్తి ఇచ్చు బ్యాటరీ సున్నా డిగ్రీల వద్ద సుమారు ఎనుబది పాళ్లు ఇచ్చును. మన వేకువ చలిలో తగ్గునది పదింట ఒక పాలు లోపే. మంచి బ్యాటరీకి ఆ పాటి తగ్గుదల ఒక లెక్కలోనిది కాదు. రెండు వేసవులు చూచిన బ్యాటరీకి అదియే భారమగును. అదే సమయమున చల్లారిన ఇంజను ఆయిలు వేసవి మధ్యాహ్నముకంటె మూడు నాలుగు రెట్లు చిక్కగ ఉండును గనుక సెల్ఫునకు పని పెరుగును. శక్తి తగ్గినవేళనే బరువు హెచ్చినదన్నమాట.

నీరు పోయు బ్యాటరీ అయినచో నెలకొకసారి మూతలు తీసి చూడవలెను. పలకలు మునిగి పైన వ్రేలి వెడల్పు లోపున ద్రవము నిలిచియుండవలెను. తగ్గినచో డిస్టిల్డ్ వాటరే పోయవలెను. మన బోరు నీటిలో సున్నము, ఉప్పు హెచ్చు. ఆ నీరు పోసిన బ్యాటరీ మరుసటి చలికాలము చూడదు. ఆసిడు పోయుట అంతకంటె తప్పు. హైడ్రోమీటరు ఒకటి కొని ఇంట పెట్టుకొన్నచో ట్రాక్టరునకు కూడ పనికివచ్చును. ఆరు గదులలోను ముల్లు 1.250కి పైన నిలిచిన మంచిది. 1.200కు దిగినచో వెంటనే చార్జీ పెట్టించవలెను. ఐదు గదులు ఒకరీతిగ ఉండి ఒక గది మాత్రము బాగుగ దిగువన ఉన్నచో ఆ బ్యాటరీ పని అయిపోయినది. దానికి చార్జీ పెట్టించు డబ్బు దండుగ.

మూతలు లేని బ్యాటరీకి వోల్టుమీటరు చాలును. రాత్రియంతయు ఊరకున్న బండిలో, వేకువన తాళము తిప్పకముందు 12.6 వోల్టులు ఉన్నచో నిండుగ ఉన్నట్లు. 12.2 అనిన సగమే ఉన్నదని గ్రహింపవలెను. బండి నడుచునపుడు 14 వోల్టులకు అటునిటుగ లేనియెడల లోపము బ్యాటరీలో లేదు, ఆల్టర్నేటరులోనో దాని బెల్టులోనో ఉన్నది. క్రొత్త బ్యాటరీ కొనకముందు ఈ చిన్న పరీక్ష చేయించవలెను. బ్యాటరీ మార్చిన పదియవ దినమునకే మరల బండి నిలిచిపోయిన రైతులు తక్కువమంది కారు.

టెర్మినళ్ల పైన తెల్లగనో పచ్చగనో పూచిన పొడిని గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి ఆరబెట్టి, బిగించి, పైన వ్యాసలైను పూయవలెను. నెగెటివు తీగను ముందు విప్పి, బిగించునపుడు చివర బిగించవలెను. ఇంజనుకును చాసిసుకును కలిపి ఉండు ఎర్తు పట్టీని ఎవరును చూడరు. అది తుప్పుపట్టినచో ఎంత మంచి బ్యాటరీయైనను సెల్ఫు మూలుగును.

మరొక బండి సాయముతో తీగలు కలిపి లేపవలసి వచ్చినపుడు ఒక జాగ్రత్త ప్రాణము వంటిది. పికప్‌లోను, ట్రాక్టరులోను ఉండునది 12 వోల్టులు. పెద్ద లారీలో రెండు బ్యాటరీలు వరుసగ కలిపి 24 వోల్టులు ఉండును. దారిన పోవు లారీని ఆపి దానితో తీగలు కలిపినచో పికప్‌లోని కంప్యూటరు పెట్టె ఒక్క క్షణములో కాలిపోవచ్చును. ట్రాక్టరు తెప్పించుకొనుడు. ముందు పాజిటివునకు పాజిటివు కలిపి, పిదప నెగెటివు తీగ రెండవ కొనను నిలిచిపోయిన బండి ఇంజను ఇనుమునకు, బ్యాటరీకి దూరముగ తగిలించవలెను. బ్యాటరీ నుండి వెలువడు వాయువు నిప్పురవ్వకు పేలును గనుక ఈ నియమము.

హీటరు ప్లగ్గులు

తాళమును ఒక మెట్టు తిప్పగనే చుట్ట గుర్తు గల పచ్చని దీపము వెలుగును. ఆ దీపము ఆరినపిదపనే సెల్ఫు కొట్టవలెను. సిలిండరునకు ఒకటి చొప్పున ఉన్న హీటరు ప్లగ్గులు ఆ కొద్ది క్షణములలో ఎర్రగ కాగి లోపలి గాలిని వేడి చేయును. మన వేసవిలో వీటి అవసరము అంతగ ఉండదు. అందుచేత దీపమును చూడక తాళమును ఒక్కసారిగ తిప్పు అలవాటు మన డ్రైవర్లకు పడిపోయినది. ఆ అలవాటుతోనే ఎనిమిది నెలలు గడిచిపోవును; ఈలోగ రెండు ప్లగ్గులు కాలిపోయినను ఎవరికిని తెలియదు. డిసెంబరులో ఇంజను ఒకటి రెండు సిలిండర్లతో కొట్టుకొనుచు, తెల్లని పొగ వదలుచు, నిమిషము తరువాత సర్దుకొన్నచో అది ప్లగ్గుల పనియే. పక్క గదిలో డీజిలు మండు పాత తరహా చిన్న ఇంజనులకు ఈ ప్లగ్గులు మరింత ముఖ్యము.

పాత బండ్లలో వీటిని పరీక్షించుట సులభము. ప్లగ్గునకు వచ్చు తీగ విప్పి, 12 వోల్టుల చిన్న బల్బు తీగ ఒక కొనను బ్యాటరీ పాజిటివునకు, రెండవ కొనను ప్లగ్గు తలకు తాకించవలెను. బల్బు వెలిగిన ప్లగ్గు మంచిది, వెలుగని ప్లగ్గు కాలిపోయినది. క్రొత్త బి.ఎస్. 6 బండ్లలో కొన్నిటికి తక్కువ వోల్టుల ప్లగ్గులు ఉండును గనుక వాటిని తెలిసినవానికే వదలవలెను.

సెల్ఫును ఒకసారికి పది పదిహేను సెకండ్లకు మించి కొట్టరాదు. లేవనిచో నిమిషము ఆగి మరల కొట్టవలెను. ఆ విరామమున బ్యాటరీ కొంత తేరుకొనును, సెల్ఫు చల్లారును. మూడుసార్లకు లేవనిచో నాలుగవసారి కొట్టుట బ్యాటరీని చంపుటయే. అపుడు డీజిలు సంగతి చూడవలెను. గాలి గొట్టములో ఈథరు చిమ్ముట, గుడ్డకు నిప్పంటించి గాలి గొట్టము వద్ద పట్టుట కొందరు మేస్త్రీలు చూపు చిట్కాలు. కాగియున్న హీటరు ప్లగ్గును ఈథరు తాకినచో సిలిండరులో వేళకాని వేళ పేలుడు పుట్టి పిస్టను, రింగులు పగులును. ట్యాంకు క్రింద మంట పెట్టుట గురించి చెప్పుటకే నోరు రాదు.

డీజిలులో నీరు, డీజిలులో మైనము

సాయంత్రము బండి ఆపునప్పటికి ట్యాంకు పాతికవంతు మాత్రము ఉన్నచో మిగిలిన ముప్పాతిక గాలి ఉండును. రాత్రి చల్లబడిన ఆ గాలిలోని తేమ మంచువలె ట్యాంకు గోడలకు పట్టి క్రిందికి జారును. నీరు డీజిలుకంటె బరువు గనుక అడుగున చేరి, ఫిల్టరులోనికి పోవును. చలికాలమున బండిని సాయంత్రమే నింపి పెట్టుట మంచి అలవాటు. ఫిల్టరు అడుగున ఉన్న మరను పదిహేను దినములకొకసారి వేకువన, ఇంజను తిప్పకముందు వదులుచేసి గాజుగ్లాసులో పట్టి చూడుడు. గ్లాసు అడుగున నీటి పొర కనిపించినచో శుభ్రమైన డీజిలు వచ్చువరకు వదలి, బిగించి, చేతిపంపుతో గాలి తీసివేయవలెను. బంకు నుండి డ్రమ్ములో తెచ్చి చేనిలో నిలువచేసిన డీజిలు వాడువారు ఈ పనిని వారమునకొకసారి చేయుట మేలు.

ఇక మైనము సంగతి. డీజిలులో స్వభావముచేతనే కొంత మైనము కరగియుండును. చల్లబడిన కొలది అది విడివడి ఫిల్టరును మూయును. మన దేశపు ప్రమాణములలో ఇందుకొక హద్దు కలదు. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అమ్ము డీజిలు 6 డిగ్రీల చలివరకు ఫిల్టరులో పారవలెను. మిగిలిన నెలలలో ఆ హద్దు 18 డిగ్రీలు మాత్రమే. అనగా నవంబరు తరువాత బంకులో పోయించుకొన్న డీజిలునకు ఒంటిమిట్టలో భయము లేదు. అయితే సెప్టెంబరులో కొని డ్రమ్ములో దాచిన డీజిలును జనవరి వేకువన వాడుట తెలివిగల పని కాదు. దానిని పగటిపూట ట్రాక్టరునకు వాడి ముగించవలెను. ఒంటిమిట్ట బండి మన్యములోని లంబసింగికి కిరాయి పోయినచో, అచ్చట కొన్ని దినములు చలి సున్నాకు దగ్గరగ దిగును గనుక, బయలుదేరునపుడే క్రొత్త డీజిలు పోయించుకొనవలెను.

చలికాలమున డీజిలులో కిరోసిను కలిపిన తేలికగ లేచునను నమ్మకము కొందరిలో కలదు. అతి చలి దేశములలో ఒకప్పుడు ఆ పద్ధతి ఉండెను. మనకు ఆ అవసరమే లేదు. డీజిలు కేవలము ఇంధనము కాదు, పంపునకును నాజిలునకును అదియే నూనె. కిరోసినులో ఆ జిడ్డు తక్కువ. నేటి కామన్ రైలు ఇంజనులలో డీజిలును వాతావరణపు ఒత్తిడికి వెయ్యి రెట్లకు మించి బిగియించు పంపు ఉండును. అందులో గీత పడినచో ఇనుప రజను నాజిళ్లన్నిటిలోనికి పోవును. లీటరుకు మిగిలిన కొద్ది రూపాయలకు పంపును నాజిళ్లను బలిపెట్టుట అగును.

లేచిన తరువాత

చల్లని ఇంజను లేవగనే యాక్సిలరేటరు గట్టిగ తొక్కి గర్జింపచేయు అలవాటు ఇంజనునకు పెద్ద శత్రువు. ఆయిలు పై భాగములకు ఎక్కుటకు కొంత వ్యవధి పట్టును. అరనిమిషము మొదలు నిమిషము వరకు మెల్లగ తిరుగనిచ్చి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగ నడుపుట చాలును. పదిహేను నిమిషములు నిలుచున్నచోటనే తిప్పుటవలన డీజిలు ఖర్చే గాని లాభము లేదు. టర్బో ఉన్న బండి నిండు బరువుతో కనుమ ఎక్కి వచ్చి ఆగినపుడు వెంటనే ఆపక ఒకటి రెండు నిమిషములు తిరుగనీయవలెను. ఆయిలు మన ప్రాంతమునకు 15డబ్ల్యు-40 రకము సాధారణముగ సరిపోవును. అయినను బండి పుస్తకములో వ్రాసినదే చివరిమాట. పంపుసెట్టు ఇంజనుకని తెచ్చిన డ్రమ్ములో మిగిలిన ఆయిలును పికప్‌లో పోయరాదు.

థర్మోస్టాటు తీయించవద్దు

మన ఎండ ప్రాంతమున మాత్రమే కనిపించు ఒక చెడ్డ అలవాటును గూర్చి ఇచ్చట కొంత విపులముగ చెప్పవలసియున్నది. వేసవిలో ఇంజను కాగిపోయి రేడియేటరు పొంగినచో, కొందరు మేస్త్రీలు థర్మోస్టాటు వాల్వును పెరికి అవతల పారవేయుదురు. "మన ఎండకు ఇది ఎందుకన్నా" అందురు. రైతు కూడ ఔననుకొనును, ఏలననగా మరునాటినుండి బండి కాగుట కొంత తగ్గును.

ఆ వాల్వు పని ఇంజనును చల్లగ ఉంచుట కాదు, సరియైన వేడిలో ఉంచుట. ఇంజను చల్లగ ఉన్నపుడు నీటిని రేడియేటరునకు పోనీయక అడ్డుపడి, సుమారు 80, 85 డిగ్రీలకు చేరగనే తెరచుకొనును. దానిని తీసివేసినచో చలికాలమున ఇంజను కడపకు చేరువరకు కూడ సరియైన వేడికి రాకపోవచ్చును. చల్లగ తిరుగు ఇంజను డీజిలు హెచ్చుగ త్రాగును. సరిగ కాలని డీజిలు సిలిండరు గోడల వెంబడి దిగి ఆయిలులో కలిసి దానిని పలుచన చేయును. రింగులు అరుగును. ఈ అరుగుదలయే రెండు మూడేండ్లకు వేకువన బండి లేవకుండ చేయును. వేసవిలో తీసివేసిన వాల్వునకు చలికాలమున మూల్యము చెల్లించుట అనిన ఇదియే. ఇంజను కాగుటకు అసలు కారణము రేడియేటరు లోపల బోరు నీటి సున్నము పేరుకొనుటయో, మూత రబ్బరు చెడుటయో, ఫ్యాను బెల్టు వదులగుటయో, లేక రేడియేటరు ముందు పట్టిన దుమ్ము, పొట్టు, పురుగులో అయి ఉండును. వాటిని చూపించుడు.

రేడియేటరులో పోయు రంగు కూలెంటు చలిదేశపు వస్తువని, మనకు నీరే చాలునని అనుకొనుట కూడ పొరపాటు. అది నీరు గడ్డకట్టకుండ చేయుట నిజమే. దానితోపాటు నీరు మరుగు డిగ్రీని పెంచును, ఇనుమునకు అల్యూమినియమునకు తుప్పు పట్టకుండ కాపాడును. మనకు కావలసినవి ఈ రెండవ, మూడవ గుణములే. కంపెనీ చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయించి, పుస్తకములో చెప్పిన గడువునకు మార్పించవలెను. వేడిగ ఉన్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు.

బి.ఎస్. 6 బండ్లు

2020 ఏప్రిలు 1 తరువాత అమ్మిన బండ్లు బి.ఎస్. 6 ప్రమాణమునకు చెందినవి. వీటి పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ ఉండును. అది నిండినపుడు తనలో చేరిన మసిని తానే కాల్చుకొనును, కాని అందుకు పొగ బాగుగ వేడెక్కవలెను. చేనికిని ఊరికిని మధ్య రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోవు బండిలో ఆ వేడి రాదు. చలికాలమున మరింత రాదు. జల్లెడ దీపము వెలిగినచో బండిని ఒకసారి కడప దారినో రాజంపేట దారినో ఇరువది నిమిషములు ఆపకుండ నిలకడ వేగమున నడిపి రావలెను. ఇంజను ఆపి, రేపు చూతమని వదలినచో షెడ్డులో వేలకు వేలు అగును. థర్మోస్టాటు లేని బండిలో ఈ జల్లెడ బాధ మరింత హెచ్చు.

ఈ బండ్లలో కొన్నిటికి యూరియా ద్రావణము పోయు చిన్న ట్యాంకు వేరుగ ఉండును. నూటికి 32.5 పాళ్లు అతి శుద్ధమైన యూరియా, మిగిలినది శుద్ధ జలము. సున్నాకు దిగువ 11 డిగ్రీలకు గాని గడ్డకట్టదు గనుక చలితో మనకు పేచీ లేదు. ఎండలో పెట్టిన డబ్బా మాత్రము త్వరగ చెడును, నీడలో దాచవలెను. ఇంట్లో ఎరువుల బస్తా ఉన్నది గదా, నీటిలో కరగించి పోసిన చాలదా అని అడుగువారు కలరు. చాలదు. 2015 నుండి మన దేశమున అమ్ము ఎరువు యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, అందులోని ఇతర మలినములు ద్రావణము చిమ్ము నాజిలును మూసి, ఖరీదైన శుద్ధి యంత్రమును పాడుచేయును.

ముసురు, ముంపు

మనకు చలికాలపు మొదటి భాగము తుపాను కాలము కూడ. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలను వరద ముంచుట మీకందరికి జ్ఞాపకమే. నీట మునిగిన బండిని బయటకు లాగిన వెంటనే "లేచునేమో చూతము" అని తాళము తిప్పుట మానవసహజము. ఆ ఒక్క తిప్పుటతోనే ఇంజను పోవును. గాలివలె నీరు కుదించుకుపోదు. సిలిండరులో నీరు ఉన్నపుడు పిస్టను పైకి రాబోయినచో కనెక్టింగు రాడ్డు వంగిపోవును. తాళము ముట్టక, బ్యాటరీ నెగెటివు తీగ విప్పి, బండిని లాగించి మెకానిక్కు వద్దకు చేర్చవలెను. ఎయిరు క్లీనరు తడిసినదా, ఆయిలు పాలవలె తెల్లబడినదా అనునవి చూచి, సిలిండర్లలోని నీరు తీసి, ఆయిలు, ఫిల్టర్లు మార్చిన తరువాతనే తిప్పవలెను. బీమా వారికి చూపుటకు బండి ఉన్నచోటనే ఫోటోలు తీసి ఉంచుట మంచిది.

చలికాలమున వెచ్చదనము కోరి ఎలుకలు ఇంజను క్రింద చేరి తీగలు కొరుకుట మరియొక బాధ. వరిగడ్డి వామి ప్రక్క, ధాన్యపు కొట్టము ప్రక్క బండి నిలుపకుండుటయే దీనికి మందు. టైర్ల గాలి కూడ చలికి కొంత తగ్గును. బండి నడువకముందు, చల్లగ ఉన్నపుడు కొలిపించవలెను.

బండి కొనదలచినవారికి

బండి సొంతముగ ఉండుట గౌరవమే గాని, లెక్క చూడవలెను. నెల కంతులు, బీమా, పన్ను, ఫిట్‌నెసు కలిసి ఏడాదికి 1,80,000 రూపాయలు అగుననుకొందము. ఏడాదికి 90 ట్రిప్పులు తోలినచో, డీజిలు పోయకముందే ట్రిప్పునకు 2,000 రూపాయలు పడినవి. 240 ట్రిప్పులు తోలినచో 750 రూపాయలే. అందుచేత బొప్పాయి, అరటి, పూలు ఒకదాని వెంట ఒకటి వచ్చునట్లు తోట వేసిన రైతునకు, లేదా ఇరుగు పొరుగు సరుకు కిరాయికి తోలువానికి సొంత బండి గిట్టును. ఏడాదికొక మామిడి కాపు మాత్రము ఉన్నవారు కిరాయి బండి పిలుచుటే మేలు. ఒంటిమిట్ట రాములవారి కల్యాణమునాడు నాలుగు రూపాయలు వచ్చునని సరుకు బండిలో జనమును ఎక్కించుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినచో బీమా చెల్లదు. నష్టపరిహారము చేనిమీదికి వచ్చును.

పాత బండి కొనువారు దానిని పగలు సంతలోనో షెడ్డులోనో చూచి బేరమాడరాదు. మధ్యాహ్నపు ఎండలో, కాగిన ఇంజనుతో ఏ బండియైనను లేచును. రాత్రియంతయు కదలకుండ ఉంచుమని ముందుగ చెప్పి, చలికాలపు వేకువన ఐదు గంటలకు పోయి చూడుడు. తాళము తిప్పకముందు ఇంజనుపై చేయి వేయుడు. వెచ్చగ తగిలినచో అమ్మువాడు మీకంటె ముందుగ లేపి ఉంచినాడన్నమాట. ఆ దినమునకు తిరిగి వచ్చేయుడు. చల్లగ ఉన్నచో దీపము ఆరువరకు ఆగి సెల్ఫు కొట్టించుడు. రెండు మూడు సెకండ్లలో లేచినచో మంచిది. మొదట కొంచెము తెల్లపొగ వచ్చి నిమిషములో పోవుట తప్పు కాదు. నీలపు పొగ పోకుండ ఉన్నచో ఆయిలు కాలుచున్నట్లు. బండి వేడెక్కినను తెల్లని ఆవిరి ఆగనిచో, కూలెంటు తగ్గుచున్నదేమో, హెడ్డు గాస్కెటు పోయినదేమో చూపించవలెను. ఇంజను తిరుగుచుండగ ఆయిలు పోయు మూతను మెల్లగ తీసి చూడుడు. లోపలినుండి పొగ కుప్పలుగ ఎగదన్నినచో రింగులు అరిగినట్లే. థర్మోస్టాటు ఉన్నదా అని కూడ అడుగుడు. లేదని చెప్పినచో ఆ ఇంజను ఎన్నేండ్లు అట్లు తిరిగినదో విచారించి ధర తగ్గించుకొనవలెను.

డీజిలు ఇంజనుల పనిపాటు నేర్చుకొనగోరు యువ రైతులకు అనంతపురము వద్ద గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. అచ్చట శిక్షణ ట్రాక్టర్లను, వ్యవసాయ యంత్రములను ఉద్దేశించినదైనను, బ్యాటరీ, ఫిల్టరు, నాజిలు, కూలింగు సంగతులు పికప్‌నకు కూడ అవియే. శిక్షణ తేదీలను ముందుగ తెలిసికొని దరఖాస్తు పెట్టుకొనవచ్చును.